మే నెలలో తెల్లపొగ: పాత 1210 లారీ ఇంజను డైరీ

మే 4

సెల్ఫు నాలుగోసారి కొట్టినప్పుడు, విప్పి బాగుచేసి మళ్ళీ బిగించిన లారీ ఇంజను అందుకుంది. ఆయిలు ప్రెషరు ముల్లు వెంటనే లేచింది. ఎక్కడా నీరు కారలేదు, ఆయిలు కారలేదు. కానీ ఐడ్లింగులో బానెట్టు మీద పెట్టిన స్టీలు గ్లాసు అరనిమిషంలో అంచుదాకా నడిచి వెళ్ళి కింద పడేటంతగా కుదిపేస్తోంది. సైలెన్సరు నుంచి వచ్చిన తెల్లపొగ, పచ్చి డీజిలు వాసనతో కళ్ళు మండిస్తూ, కానూరులోని మా షెడ్డంతా కమ్ముకుంది. పక్కింటివారు ఏదో అంటుకుందనుకుని గోడ మీదుగా తొంగిచూశారు.

లారీ గురించి ముందుగా రెండు మాటలు రాసుకోవాలి. ఇది మా నాన్నగారు నడిపిన టాటా 1210 ఎస్ఈ. లోపల ఉన్నది 697 ఇంజను: ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, 128 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 5,675 సీసీ. టాటా వారి టెల్కో కంపెనీ 1954లో డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు కట్టడం మొదలుపెట్టింది. ఆ ఒప్పందం 1969లో ముగిసిపోయినా, మా బంధువుల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ దీన్ని బెంజి లారీ అనే పిలుస్తారు. ఫిబ్రవరి నాటికి ఇది డీజిలు కంటే ఆయిలే ఎక్కువ తాగుతోందేమో అన్నట్టు తయారయింది. ఆయిలు పోసే మూత తీస్తే అందులోంచి ఆవిరి ఎగజిమ్మేది. అందువల్ల ఇంజను దించి, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగు చేయించి, కొత్త స్లీవులు (సిలిండరు లోపలి గొట్టాలు), పిస్టన్లు, రింగులు, షెల్సు (క్రాంకు తిరిగే బేరింగులు) వేయించాము. హెడ్డుకు (సిలిండర్ల పైమూతకు) వాల్వు గైడ్లు మార్పించి, వాల్వు సీట్లు కోయించి, అడుగు చదునుగా ఫేసింగు పట్టించాము. డీజిలును ఒత్తిడితో తోసే పంపు, దాన్ని సిలిండర్లలోకి చిమ్మే నాజిళ్ళు ఆటోనగర్‌లో ఒక పంపు షాపులో బాగుచేయించాము. తిరిగి బిగించినది నేను, నాన్నగారి కాలం నుంచి ఈ లారీని ఎరిగిన మేస్త్రి గారు, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు. నేను లెక్కలు రాసి బతికేవాణ్ణే తప్ప మెకానిక్కును కాను, అందుకే ప్రతిరోజూ చేసిన పనిని ఈ నోటు పుస్తకంలో రాస్తూ వస్తున్నాను.

తొందర ఎందుకంటే నూజివీడులో మా బాబాయి గారి తోటలో కాయ కోతకు వచ్చింది. నున్న మామిడి మార్కెట్టుకు రోజూ బాడుగ లారీ మాట్లాడుకోవడం ఆయనకు భారంగా ఉంది.

మే 5

తెల్లపొగ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. హెడ్డు గ్యాస్కెట్టు పోయి నీరు సిలిండరులోకి దిగితే వచ్చేది ఆవిరి. అది కళ్ళు మండించదు, సైలెన్సరు దాటి నాలుగడుగులు పోయేసరికి గాలిలో కలిసిపోతుంది. మాకు వస్తున్నది అది కాదు, కాలకుండా బయటికి వస్తున్న డీజిలు ఆవిరి, షెడ్డు కప్పు కింద మబ్బులా నిలబడి ఉంటోంది. చలి ప్రాంతాల్లో పొద్దున్నే మొదటి రెండు నిమిషాలు ఏ డీజిలు ఇంజనైనా ఇలాంటి పొగ కొంత వదులుతుంది, ఎందుకంటే లోపలి గాలి చల్లగా ఉండి, నొక్కినా డీజిలు అంటుకునేంత వేడెక్కదు. విజయవాడలో మే నెలలో, ముట్టుకుంటే బానెట్టు రేకు చెయ్యి కాల్చే ఎండలో, ఆ సాకు చెల్లదు. ఇంజను వేడెక్కిన పావుగంట తరువాత కూడా పొగ వస్తోందంటే, ఏదో ఒక సిలిండరులో డీజిలు పడుతోంది గాని మండడం లేదని అర్థం.

అది ఏ సిలిండరో తెలుసుకోవడానికి మేస్త్రి గారు పరికరమేదీ అడగలేదు. ఇంజను అయిదు నిమిషాలు తిరిగాక చెంబులో నీళ్ళు తెప్పించి, వేళ్ళు ముంచి, ఎగ్జాస్టు మానిఫోల్డు మీద ఒక్కో పోర్టు దగ్గర రెండేసి చుక్కలు చిలకరించారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు దగ్గర నీటి చుక్క చుయ్యిమని ఎగిరి ఆవిరైపోయింది. అయిదో దగ్గర మాత్రం ఆ చుక్క తీరిగ్గా జారి, మానిఫోల్డు అంచున వేలాడి, కింద పడింది. ఆరోది మళ్ళీ చుయ్యిమంది. తరువాత నేను వేడి కొలిచే గన్ను తెచ్చి చూస్తే మిగిలినవి 110 నుంచి 120 డిగ్రీల మధ్య ఉన్నాయి, అయిదోది 64. ఆ గన్ను నేను ఎంతో ముచ్చటపడి కొన్నది. చెంబు చెప్పినదాని కంటే అది కొత్తగా చెప్పిందేమీ లేదు.

మే 6

ఒక్కో నాజిలుకు వచ్చే హైప్రెషరు పైపు నట్టును అరచుట్టు వదులు చేసి చూశాము. అలా వదులు చేసినప్పుడు ఆ సిలిండరుకు డీజిలు ఆగిపోతుంది కనుక, బాగా పనిచేస్తున్న సిలిండరైతే ఇంజను శబ్దం వెంటనే మారి ఇంకా ఎక్కువ కుదుపుతుంది. మిగిలిన అయిదింటికీ అలాగే మారింది. అయిదోది వదులు చేసినప్పుడు ఇంజనుకు ఆ సంగతే తెలియలేదు. పైగా పొగ తగ్గింది!

ఈ పని చేసేటప్పుడు కుర్రవాడు నట్టు మీద చెయ్యి అడ్డం పెట్టబోతే మేస్త్రి గారు గట్టిగా కేకలేశారు. ఆ పైపులో ఒత్తిడికి సన్నని డీజిలు ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తవలసిన దెబ్బ అది. గుడ్డ అడ్డం పెట్టుకున్నా ప్రయోజనం లేదు.

ఈ లోపల మరొక లోపం బయటపడింది. ఇంజను ఆపి గంట ఆగితే మళ్ళీ స్టార్టవడానికి చాలాసేపు సెల్ఫు కొట్టవలసి వస్తోంది. ట్యాంకు నుంచి డీజిలును పీల్చే ఫీడు పంపు తరువాత ఒక మూర పారదర్శకమైన పైపు తగిలించి చూస్తే అందులో పెసరగింజలంత గాలి బుడగలు వరసగా పోతున్నాయి. ట్యాంకు నుంచి ఫీడు పంపుదాకా ఉన్న దారిలో డీజిలును పీల్చుకోవడమే తప్ప తోయడం ఉండదు కనుక, అక్కడ సందు ఉంటే డీజిలు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. కంటికి తడి కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫీడు పంపు దగ్గర పైపును బిగించే బాంజో బోల్టుకు పాత వాషరే మళ్ళీ వేశాము. అది మార్చి, హ్యాండు ప్రైమరుతో (చేత్తో కొట్టే చిన్న పంపుతో) గాలి తీసేసరికి బుడగలు పోయాయి. ఇప్పుడు ఒక్క సెల్ఫుకే అందుకుంటోంది.

అయినా మిస్సింగు, అంటే ఆ ఒక్క సిలిండరు మండకపోవడం, అలాగే ఉంది.

మే 8

"బాబూ, పంపు కాస్త ముందుకు జరుపుదాం, పొగ తగ్గుద్ది" అన్నారు మేస్త్రి గారు. పంపును ఇంజనుతో కలిపే కప్లింగు బోల్టులు వదులు చేసి, దానికున్న పొడుగు గాడిలో రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిపాము. పొగ నిజంగానే సగానికి తగ్గింది. కుదుపు కూడా కొంత తగ్గినట్టు అనిపించింది. నేను పొంగిపోయి బాబాయి గారికి ఫోను చేసి, సోమవారానికి లారీ వస్తుందని చెప్పేశాను.

మే 9

పొగ తగ్గిన మాట నిజమే గాని, రేజింగు ఇస్తే గరిటెతో ఇనుప మూకుడును కొట్టినట్టు కణకణమనే శబ్దం మొదలయింది. రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే సంగతి బోధపడింది. డీజిలును ముందుగా చిమ్మితే అది మండడానికి ఎక్కువ వ్యవధి దొరుకుతుంది కాబట్టి, సరిగా మండని సిలిండరు కూడా ఎంతో కొంత మండుతుంది. కానీ ఆ ఒక్క సిలిండరు కోసం ఆరోగ్యంగా ఉన్న మిగతా అయిదింటికీ వేళ తప్పించి డీజిలు పోస్తున్నాం. ఆ కణకణ వాటిది. కొత్త పిస్టన్ల నెత్తిన, కొత్త షెల్సు మీద ఆ దెబ్బలు పడుతున్నాయి. ఒక బిడ్డకు జ్వరమొస్తే ఇంట్లో అందరికీ మందు పట్టినట్టయింది మా పని.

ఇక ఊహల మీద నడవకూడదని, పంపు టైమింగు చుక్క పద్ధతిలో మొదటి నుంచి పెట్టాము. పంపు మీద ఒకటో సిలిండరుకు డీజిలు వదిలే డెలివరీ వాల్వును, దాని స్ప్రింగును తీసి, పైన హంస మెడలా వంగిన సన్నని గొట్టం బిగించి, ప్రైమరు కొడుతూ క్రాంకును వెంట్రుకవాసి చొప్పున తిప్పితే, మొదట గొట్టం నుంచి ధారగా వచ్చే డీజిలు క్రమంగా సన్నబడి, చుక్కలై, ఒకచోట ఆగిపోతుంది. ఆగిన ఆ క్షణమే పంపు ఇంజెక్షను మొదలుపెట్టే క్షణం. అప్పుడు గుర్తులు చూసుకోవాలి. మేము జరపక ముందు కప్లింగు మీద నేను గీసుకున్న గీత దగ్గరే డీజిలు ఆగింది. అంటే టైమింగు మొదటి నుంచీ సరిగానే ఉంది. తిరిగి ఆ గీత దగ్గరే బిగించాము. పొగ మళ్ళీ మొదటికి వచ్చింది.

బాబాయి గారికి మళ్ళీ ఫోను చేయవలసి వచ్చింది. "ఫర్వాలేదురా, కాయ ఆగదు గాని నేను ఆగుతాను" అన్నారాయన.

మే 10

టాపెట్లు, అంటే వాల్వులకు, వాటిని తట్టే చేతులకు మధ్య ఉండే సందు, చూశాము. హెడ్డు బోల్టులు ఇంజను వేడెక్కి చల్లారాక మళ్ళీ టార్కు పట్టాము (ఉండవలసిన బిగువుకు బిగించాము) కనుక ఎలాగూ చూడవలసిందే. గ్యాస్కెట్టు కొంచెం అణిగితే టాపెట్టు సందు కూడా ఆ మేరకు మారిపోతుంది. ఈ ఇంజను 1-5-3-6-2-4 వరసలో మండుతుంది. అందువల్ల ఒకటికి ఆరు, అయిదుకు రెండు, మూడుకు నాలుగు జోడీలు. ఆరో సిలిండరు వాల్వులు రెండూ ఒకదాని తరువాత ఒకటి ఊగుతున్న చోట క్రాంకును ఆపితే ఒకటోది కంప్రెషను చివర ఉన్నట్టు, దాని టాపెట్లు రెండూ చూసుకోవచ్చు. రెండోది ఊగుతుంటే అయిదోది చూడాలి. ఇన్‌లెటుకు 0.20, ఎగ్జాస్టుకు 0.30 మిల్లీమీటర్లు పెట్టాము. మూడో ఎగ్జాస్టు ఒక్కటి బిగువుగా ఉంటే వదులు చేశాము. అయిదోవి రెండూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

మే 11

ఈ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ఒకసారికి ఒకే వస్తువును కదపాలి, కదిపాక రోగం ఆ వస్తువుతో పాటు వెళ్ళిందా, ఉన్నచోటే ఉందా అని రాసుకోవాలి.

అయిదో నాజిలును నాలుగుకు, నాలుగోదాన్ని అయిదుకు మార్చాము. నాజిలు చెడిపోయి ఉంటే మిస్సింగు నాలుగుకు పోవాలి. పోలేదు, అయిదులోనే ఉంది. అయినా అనుమానం తీరక రెండింటినీ పంపు షాపుకు పట్టుకెళ్ళి టెస్టరు మీద పెట్టించాను. రెండూ ఒకే ప్రెషరు దగ్గర తెరుచుకుంటున్నాయి, నాలుగు రంధ్రాల నుంచీ పొగమంచులా చిమ్ముతున్నాయి, కొన దగ్గర చుక్క నిలవడం లేదు. నాజిలు మీద కేసు కొట్టేశాను.

తరువాత పంపు. ఆరు పైపులనూ నాజిళ్ళ దగ్గర ఊడదీసి, వాటి చివర్లను ఆరు ఖాళీ మందు సీసాల్లోకి దించి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, లెక్కపెట్టి సెల్ఫు కొట్టాము. ఇది షాపులో క్యాలిబ్రేషను బెంచికి సాటి కాదు గాని, పంపులో ఒక ఎలిమెంటు (ఒక్కో సిలిండరుకు డీజిలు తోసే భాగం) పూర్తిగా పోయి ఉంటే పట్టేస్తుంది. సీసాలను వరసగా నిలబెట్టి చూస్తే ఆరింటిలోనూ డీజిలు మట్టం దాదాపు ఒకటే. పంపు మీద కూడా కేసు లేదు.

మే 13

కంప్రెషను గేజి అద్దెకు తెచ్చాము. నాజిళ్ళన్నీ తీసేసి ఒక్కో రంధ్రంలో గేజి బిగించి చూస్తే చదరపు సెంటీమీటరుకు 24, 25, 24, 24, 24, 25 కేజీలు వచ్చాయి. కొత్త రింగులు ఇంకా పూర్తిగా కూర్చోలేదు కనుక కొంచెం అటూ ఇటూ ఉండవచ్చునని మేస్త్రి గారు ముందే చెప్పారు గాని, ఆ అటూ ఇటూ కూడా లేదు.

కాబట్టి లెక్క ఇలా తేలింది. అయిదో సిలిండరులో గాలి సరిగా నొక్కుకుంటోంది. డీజిలు సరిపడా వస్తోంది, వేళకు వస్తోంది, మంచి నాజిలు నుంచి వస్తోంది. అయినా మండడం లేదు. నా ఉద్యోగంలో జమ, ఖర్చు రెండూ సరిపోయి నిల్వ మాత్రం తేడా వస్తే ఏం చేస్తామో ఇక్కడా అదే చేయాలనుకున్నాను: పాత పద్దులు తిరగెయ్యడం. భోజనం చేసి నోటు పుస్తకం మొదటి నుంచి చదివాను.

ఏప్రిల్ 22వ తేదీ పేజీలో నా చేతిరాతలోనే ఉంది: "రిటర్న్ పైపు అయిదో నాజిలు దగ్గర కూర్చోవడం లేదు, కాస్త పైకి వంచి బిగించాము. పాత పైపు కదా, వంగిపోయి ఉంటుంది." మిగులు డీజిలును వెనక్కి తీసుకెళ్ళడానికి ఆరు నాజిళ్ళనూ కలుపుతూ పోయే ఆ రిటర్న్ పైపు సన్నని ఇనుప గొట్టం. అది తిన్నగా ఉండి, ఒక్క అయిదో నాజిలే ఎత్తుగా ఉంటే?

మళ్ళీ షెడ్డుకు వెళ్ళి, ఇంజను విప్పినప్పుడు వచ్చిన పాత చిల్లర సామాను వేసిన బూస్టు డబ్బా బల్ల మీద కుమ్మరించాను. స్ప్రింగు వాషర్లు, కాటరు పిన్నులు, ఒక్కో నాజిలు కింద ఒక్కటి చొప్పున ఉండే, నల్లబడిన రాగి వాషర్లు. రాగి వాషర్లను వేరుచేసి లెక్కపెట్టాను. అయిదే ఉన్నాయి. ఇంకోసారి లెక్కపెట్టాను. బల్ల కింద వెతికాను. అయిదే.

మే 14

పొద్దున ఏడింటికల్లా మేస్త్రి గారిని పిలిపించాను. నాజిలు రంధ్రాల్లోకి వెర్నియరు తోకను దించి, హెడ్డు పైభాగం నుంచి సీటు దాకా లోతు కొలిచాము. అయిదు రంధ్రాలు పదోవంతు మిల్లీమీటరు తేడా లేకుండా ఒకటే లోతు. అయిదో సిలిండరు రంధ్రం మాత్రం ఒకటిన్నర మిల్లీమీటర్లు తక్కువ.

టార్చి వేసి, పళ్ళ డాక్టర్లు వాడేలాంటి చిన్న అద్దంతో చూస్తే అడుగున అచ్చం సీటులాగే గుండ్రంగా, నల్లగా, నున్నగా ఉంది. అనుమానించడానికి ఏమీ కనిపించదు. మేస్త్రి గారు స్క్రైబరు (గీతలు గీసే సూది) కొనతో ఒక్క గీత గీశారు. ఆ నల్లటి దాని మధ్య సన్నని ఎర్రని మెరుపు కనిపించింది.

రాగి.

జరిగిందేమిటంటే, మార్చిలో నాజిళ్ళు పీకినప్పుడు అయిదు వాషర్లు నాజిళ్ళకు అతుక్కుని బయటికి వచ్చాయి, ఒకటి మాత్రం ఎన్నో ఏళ్ళ మసితో సీటుకు అంటుకుని రంధ్రంలోనే ఉండిపోయింది. హెడ్డు కాస్టిక్కులో ఉడికింది, ఫేసింగు పట్టింది, కానీ ఆ వాషరు ఊడలేదు. దాని మీద మేము కొత్త వాషరు వేసి నాజిలు బిగించాము. 11వ తేదీన నాజిళ్ళు మార్చినప్పుడు కొత్త వాషరు నాజిలుతో పాటే వచ్చేసింది కాబట్టి, కింద ఇంకొకటి ఉంటుందన్న ఆలోచనే రాలేదు. కంప్రెషను గేజి కూడా ఆ పాత వాషరు మీదే కూర్చుని చక్కగా సీలయి, ఏ తేడా చూపించలేదు. పరీక్షలు అబద్ధం చెప్పలేదు, మేమే అడగవలసిన ప్రశ్న అడగలేదు.

ఒకటిన్నర మిల్లీమీటర్లకే ఇంత గోలా అని కుర్రవాడు అడిగాడు. ఈ ఇంజనులో డీజిలు నేరుగా పిస్టను నెత్తిన ఉన్న గిన్నెలోకి చిమ్ముతుంది. నాజిలు కొన హెడ్డు అడుగు దాటి కాస్త బయటికి పొడుచుకుని వస్తేనే, దాని రంధ్రాల నుంచి వచ్చే ధారలు ఆ గిన్నెలో నలువైపులా పరుచుకుని వేడిగాలితో కలుస్తాయి. ఆ పొడుచుకు వచ్చే కొనే చాలా కొంచెం. అందులో ఒకటిన్నర మిల్లీమీటర్లు లోపలికి పోతే ధారలు రంధ్రం అంచుకే తగిలి, హెడ్డు ఇనుము మీద తడిగా పాకి, గాలితో కలవకుండానే ఆవిరై సైలెన్సరు దారి పడతాయి. గోడకు మొహం పెట్టి మాట్లాడితే గదిలో వాళ్ళకు వినపడనట్టేనని మేస్త్రి గారు వాడికి తేల్చి చెప్పారు.

తీయడం అంత తేలిక కాలేదు. గీకితే మసి, రాగి పొడి సిలిండరులో పడతాయి, కొత్త స్లీవు గీతలు పడుతుంది. అందుకని వాషరు నడిమి రంధ్రంలో ముందుగా గ్రీజు నింపి, కొన సన్నగా ఉండే, మరలు కోసే ట్యాపు ఒకదానికి కూడా గ్రీజు పట్టించి, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ పోయారు మేస్త్రి గారు. ట్యాపు పళ్ళు రాగిని కరిచాయి. మరో పావుచుట్టు తిప్పి, పైకి లాగకుండా, ట్యాపు తలను అటూ ఇటూ సుత్తి పిడితో తడుతూ కూర్చున్నారు. పది నిమిషాలకు చిన్న టక్కుమనే శబ్దంతో అది కదిలింది. ట్యాపు కొనకు ఉంగరంలా వేలాడుతూ, ఒకవైపు బొగ్గులా, రెండోవైపు కొత్త వాషరు ఒత్తుకున్న గుర్తుతో తళతళలాడుతూ బయటికి వచ్చింది. గ్రీజును పుల్లకు చుట్టిన గుడ్డతో తీసేసి, సీటును శుభ్రం చేసి, నాజిళ్ళు పెట్టకముందే సెల్ఫు కొట్టి లోపల మిగిలిందేమైనా ఉంటే గాలితో బయటికి ఊదించాము. లోతు మళ్ళీ కొలిస్తే ఆరూ సమానం.

మే 15

ఇంజను స్టార్టు చేయకముందు డిప్‌స్టిక్కు చూసి ఆగిపోయాము. ఆయిలు పై గీతకు వేలెడు పైన ఉంది. పోసినప్పుడు సరిగ్గా గీత దగ్గరే ఉన్న ఆయిలు వాడితే తగ్గాలి గాని పెరగకూడదు. ఒక చుక్క న్యూస్‌పేపరు మీద వేస్తే, నడుమ నల్లటి చుక్క చుట్టూ పసుపు రంగు వలయం వెడల్పుగా పాకింది. వాసన చూస్తే డీజిలు. ఇన్ని రోజులుగా అయిదో సిలిండరులో మండని డీజిలంతా కొత్త రింగుల పక్క నుంచి దిగి, అడుగున ఆయిలు నిలిచే చాంబరులో చేరింది. డీజిలు కలిసిన ఆయిలు పలచబడి, కొత్త షెల్సు మీద పొర నిలవదు. ఈ ఆయిలుతో బరువు వేసుకుని నూజివీడు వెళ్ళి ఉంటే క్రాంకుకు మళ్ళీ గ్రైండింగు తప్పేది కాదు. కొత్త ఆయిలే గదా అని మనసు ఒప్పుకోకపోయినా మొత్తం దించేసి, ఫిల్టరు మార్చి, కొత్తది పోశాము. ఖర్చు పద్దులో దీన్ని "అశ్రద్ధ" అనే ఖాతాలో రాశాను.

ఆ తరువాత సెల్ఫు. మొదటి కొట్టుడుకే అందుకుంది. బానెట్టు మీద నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు పెట్టాను. నీళ్ళు వణికాయి గాని గ్లాసు కదల్లేదు. చెంబులో నీళ్ళు ఆరు పోర్టుల దగ్గరా చుయ్యిమన్నాయి. వేడి కొలిచే గన్ను అయిదు దగ్గర 113 చూపించింది. సైలెన్సరు వెనక తెల్ల కాగితం పట్టుకుని నిలబడిన కుర్రవాడు పొగ కనపడక, ఇంజను ఆగిపోయిందా అని కేకేసి అడిగాడు.

మే 17

ఖాళీ లారీతో రామవరప్పాడు రింగు మీదుగా గన్నవరం దాకా వెళ్ళి వచ్చాము. కొత్త రింగులున్న ఇంజనును గంటల తరబడి ఐడ్లింగులో ఉంచితే బోరు గోడలు అద్దంలా నునుపెక్కి రింగులు కూర్చోవు. అలాగని మొదటి రోజే నిండు బరువు వేయకూడదు. మధ్యస్థంగా, వేగం మారుస్తూ నడపాలి. పికప్పు బాగుంది.

మే 20

బాబాయి గారి తోట నుంచి సగం లోడుతో, చిన్న రసాలు, బంగినపల్లి కలిపి, నున్న బయలుదేరాను. ఆగిరిపల్లి దాటేదాకా ఇంజను చెప్పినట్టు విన్నది. తరువాత చిన్న ఎత్తు దగ్గర ఉన్నట్టుండి పికప్పు పడిపోయి, ఎక్కిళ్ళు పట్టినట్టు తన్నడం మొదలుపెట్టింది. గుండె జారిపోయింది. పక్కకు తీసి ఆపి, మళ్ళీ ఆ అయిదోదేనా అనుకుంటూ నాజిళ్ళ వైపు చెయ్యి పోబోయి, నియమం గుర్తొచ్చి ట్యాంకు నుంచి మొదలుపెట్టాను. మూత తిప్పగానే సుయ్యిమని గాలి లోపలికి పోయింది. డీజిలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావడానికి మూతలో ఉండే సన్నని బెజ్జం మూసుకుపోయింది. ఎవరు మూశారంటే, ఏప్రిల్‌లో ట్యాంకుతో పాటు మూతకు కూడా ముచ్చటపడి రెండు కోటింగులు పెయింటు వేసినవాణ్ణి నేనే. తీగతో పొడిచి బెజ్జం తెరిచాను. మార్కెట్టుకు వేళకే చేరాము.

మే 25

ఇప్పటికి 340 కిలోమీటర్లు తిరిగింది. ఆయిలు మట్టం గీత దగ్గరే ఉంది, న్యూస్‌పేపరు మీద పసుపు వలయం లేదు. గేరు మార్చేటప్పుడు పొగ ఒక్క క్షణం నల్లగా వచ్చి పోతోంది, ఈ వయసు ఇంజనుకు అంతకంటే అడగడం అన్యాయం. ఐడ్లింగులో మిగిలిన సన్నని వణుకు ఇంజనుది కాదు, ఇంజను కూర్చునే ముందు మౌంటు రబ్బర్లు గట్టిపడి పగిలాయి. కొత్తవి ఆటోనగర్ నుంచి తెచ్చి ఉంచాను. 500 కిలోమీటర్లు కాగానే హెడ్డు బోల్టులకు మరోసారి టార్కు పట్టి, టాపెట్లు చూసే రోజునే వాటినీ మారుస్తాము. ఆ రాగి వాషరును మేస్త్రి గారు అడిగి తీసుకెళ్ళారు. షెడ్డులో మేకుకు తగిలించారట, కుర్రవాడు ఏ ఇంజను నాజిళ్ళు పీకినా ఇప్పుడు వాషర్లు లెక్కపెట్టి, సంఖ్య పైకి చెబితే గాని టీకి వదలడం లేదట.